నల్లసున్న, తెల్లసున్న

పొద్దున కరెంటు ఉన్నప్పుడే హేమావతి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఎండ ముదిరితే కరెంటు పోతుంది. మళ్ళీ ఎప్పుడు వచ్చేదీ ఎవరూ చెప్పలేరు. ఆ రోజు కూడా ముఖం కడుక్కొని, టీ గ్లాసు పక్కన పెట్టుకొని కూర్చుంది. బయట అత్త సుబ్బక్క వాకిలి చిమ్ముతోంది. మామ చౌడప్ప అరుగు మీద వేపపుల్ల నములుతూ వీధిలోకి చూస్తున్నాడు.

ఎమ్మిగనూరులో వాళ్ళది నేతగాళ్ళ వీధి. అన్ని ఇళ్ళలోనూ తెల్లవారక ముందే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. ఈ ఇంట్లో మాత్రం లేదు. పోయిన ఎండాకాలం ఆగిన మగ్గం అలాగే ఉంది. ఆ గదికి సుబ్బక్క తాళం వేసింది. తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంటుంది.

ఆ గదిలోనే హరినాథ్ పోయాడు. ఆ ఇంటికి ఒక్కడే కొడుకు. మగ్గం మీద కూర్చోలేదు, చదువుకున్నాడు. సిస్టర్ల బడిలో సంగీతం మాస్టరు అయ్యాడు. పిల్లలకు రికార్డర్ నేర్పేవాడు. రికార్డర్ అంటే నిలువుగా పట్టుకొని ఊదే పిల్లనగ్రోవి. పోయిన వేసవి సెలవుల్లో ఆలూరులో పిల్లలకు నేర్పి, బస్సు దిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి ఇంటికొచ్చాడు. చల్లగా ఉంటుందని నేరుగా మగ్గం గదిలోకి పోయాడు. అక్కడే పడిపోయాడు. వడదెబ్బ అన్నారు. సాయంత్రం దాకా కూడా ఉండలేదు.

అతడు సగంలో వదిలిన పుస్తకం కంప్యూటర్‌లో ఉంది. చిన్నపిల్లలు రికార్డర్ నేర్చుకునే పాటల పుస్తకం. బడి తెరిచేలోపు అది పూర్తిచేసి తెస్తే కంప్యూటర్ గదిలో ఉద్యోగం హేమావతికే ఇస్తామని పెద్ద సిస్టర్ మాట ఇచ్చింది. ఉద్యోగం ఉంటే హేమావతి ఈ ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే సంవత్సరీకం కాగానే ప్రొద్దుటూరు నుంచి అన్న వచ్చి తీసుకుపోతాడు. అన్న ఇంట్లో వదినె ఉంది, వదినె తల్లి ఉంది, వాళ్ళ మాటలు ఉన్నాయి. హేమావతికి అక్కడికి పోవాలని లేదు.

ఆమె చేసే పని చూడ్డానికి చిన్నదే. తెర మీద ఐదు గీతలు ఉంటాయి. గీతల మీద స్వరాల గుర్తులు ఉంటాయి. వాటి కింద పాట మాటలు రాసుకునే చోటు ఉంటుంది. ఆ చోట ఒక్కో స్వరానికి ఒక్కో అక్షరం కొట్టాలి. ఆ అక్షరానికి హరినాథ్ బెంగుళూరు నుంచి సీడీలో తెచ్చుకున్న ఫాంటు పెట్టాలి. అప్పుడు అక్షరం మాయమై, దాని చోట నిలువుగా సున్నల వరుస వస్తుంది. రికార్డర్‌కు చిల్లులు ఎట్లా ఉంటాయో ఆ సున్నలు అట్లా ఉంటాయి. నల్లసున్న ఉన్నచోట వేలుతో మూయాలి. తెల్లసున్న ఉన్నచోట వేలు ఎత్తాలి. స్వరాలు చదవడం రాని పిల్లలు కూడా ఆ బొమ్మలు చూసి వేళ్ళు పెట్టుకుంటారు.

హేమావతికి ఊదడం రాదు. హరినాథ్ స్వరాలు పెట్టేవాడు, ఆమె సున్నలు పెట్టేది. ఏ స్వరానికి ఏ అక్షరం, ఏ సున్నలు అనేది ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించి పోయాడు. ఆమె దాన్ని చూసి కొడుతుంది. ఆ పాట ఎలా ఉంటుందో ఆమెకు వినబడదు. కంప్యూటర్ స్పీకర్లు హరినాథ్ బడికి తీసుకుపోయాడు, అవి అక్కడే ఉండిపోయాయి.

అన్ని పాటలూ అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. సుబ్బక్క మగ్గానికి నూలు కండెలు చుడుతూ పాడే పాట అది. పుస్తకంలో కడపటి పాటగా హరినాథ్ దాన్ని పెట్టుకున్నాడు. నాలుగు వరుసల పాటకు మూడు వరుసలకే స్వరాలు పెట్టాడు. నాలుగో వరుసలో ఐదు గీతలు ఖాళీగా ఉన్నాయి. మూడు వరుసలకు హేమావతి సున్నలు పెట్టి అచ్చు తీసుకుంది. నాలుగోదానికి ఏం పెట్టాలో ఆమెకు తెలియదు. అత్తను అడుగుదామంటే, ఆ పాట పేరెత్తితేనే అత్త లేచిపోతుంది. పోనీ ఆ పాట తీసేద్దామంటే చెయ్యి రావడం లేదు.

ఆ రోజు మధ్యాహ్నం కూడా కరెంటు పోయింది. ముగ్గురూ తిన్నారు. చౌడప్ప ఎప్పటిలాగే కండువా భుజాన వేసుకొని, చౌడమ్మ గుడి దగ్గర పడుకుంటానని సైగ చేసి వెళ్ళాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన మాట్లాడేది తక్కువ. అంతకు ముందూ తక్కువే. అత్తాకోడళ్ళు నడవలో చాప వేసుకొని పడుకున్నారు. వీధిలో మగ్గాలు కూడా ఆగాయి. ఆ వేళకు కాకి కూడా అరవదు.

అప్పుడు వినబడింది.

సన్నగా, గాలి ఎక్కువ, స్వరం తక్కువ. ఒకటి కీచుమని పైకి పోతుంది, తర్వాతది బొంగురుగా కిందికి పడుతుంది. అది పాట కాదు. ఏడుపు కాదు. మనిషి నోటి నుంచి వచ్చే ఏ వరసలోనూ లేదు. కానీ ఆగి, మళ్ళీ అదే రకంగా, అదే చోట కీచుమని, అదే చోట పడుతోంది. ఎవరో తెలియని భాషలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్తున్నట్టుంది. తాళం వేసిన మగ్గం గదిలోంచి వస్తోంది.

హేమావతి కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ పడుకుంది. పక్కన అత్త కూడా మేలుకొనే ఉందని ఆమెకు తెలుసు. ఇద్దరూ కదల్లేదు. కడన ఒక చిన్న ముక్క వచ్చింది. అది మాత్రం వేరే. మెత్తగా, నిదానంగా, నిద్రపుచ్చుతున్నట్టు ఉంది. ఆ ముక్క మొదలవగానే సుబ్బక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇది శివరాత్రి తర్వాత మొదలైంది. మొదట ఒక్క సుబ్బక్కకే వినబడేది. కోడలికి చెప్తే కోడలు పక్క వీధిలో ఎవరో పిల్లలు అంది. ఉగాది వెళ్ళాక కోడలికీ వినబడింది. అప్పటినుంచి ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవడం మానేశారు.

సాయంత్రం హేమావతి ధైర్యం చేసి దేవుని గూటి పక్కకు పోయింది. అక్కడ మేకుకు హరినాథ్ రికార్డర్ వేలాడుతూ ఉంటుంది. చౌడప్ప నేసిన ఆకుపచ్చ గుడ్డతో కుట్టిన సంచిలో ఉంటుంది. హరినాథ్ పోయాక దాన్ని అక్కడ తగిలించింది ఆమే, మళ్ళీ ముట్టుకోలేదు. సంచి మూతికి కట్టిన దారం చూసింది. అప్పుడు తాను వేసింది మామూలు ముడి. ఇప్పుడు అక్కడ నేతగాళ్ళు తెగిన పోగులు కలిపే ముడి ఉంది. హరినాథ్ చెప్పుల దారం తెగినా అదే ముడి వేసేవాడు. ఆమెకు ఆ ముడి వేయడం రాదు.

ముడి విప్పి రికార్డర్ బయటికి తీసింది. నోట్లో పెట్టుకునే కొన తడిగా ఉంది.

ఆమె దాన్ని అట్లాగే సంచిలో పెట్టేసింది. చెయ్యి చీరకు తుడుచుకోవాలో వద్దో తెలియక కాసేపు నిలబడింది. తుడుచుకోలేదు. ఆ రాత్రి బువ్వ తినలేదు. అత్తకూ చెప్పలేదు. తాను అచ్చు తీసి తప్పులున్నాయని బుట్టలో పడేసిన కాగితాల్లో ఒకటి కనబడటం లేదని కూడా చెప్పలేదు. అది ఆ కడపటి పాట కాగితం.

సుబ్బక్క మాత్రం ఊరుకోలేదు. వెనక వీధిలో గిడ్డమ్మ అమ్మవారు పూనితే గద్దె చెప్తుంది. సుబ్బక్క ఆమె దగ్గరికి పోయి అంతా చెప్పుకుంది. గిడ్డమ్మ కళ్ళు మూసుకొని, ఊగి, చెప్పింది. వాడు సగంలో వదిలిన పని ఇంట్లో ఎవరో కదిలిస్తున్నారు, అందుకే పోలేక తిరుగుతున్నాడు. వాని నోరు తగిలిన వస్తువు ఇంట్లో ఉన్నంతకాలం వాడు ఆ ఎంగిలి వెతుక్కుంటూ వస్తాడు. సంవత్సరీకం లోపల దాన్ని ఇల్లు దాటించాలి. తానే వచ్చి తీసుకుపోయి తుంగభద్రలో వదులుతానంది.

సంవత్సరీకం దగ్గరికొచ్చింది. గిడ్డమ్మ ఒక మధ్యాహ్నం వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. చౌడప్ప అప్పటికే తిని గుడికి పోయాడు. హేమావతి గిన్నెలు కడిగి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. అత్త ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది.

సుబ్బక్క కూర్చోలేదు. స్తంభం పట్టుకొని నిలబడి చెప్పింది.

"ఈ పొద్దుతో ఆ పిల్లంగోవి ఇంట్లో ఉండేది లేదు. గిడ్డమ్మకు ఇచ్చి పంపిస్తా. ఆ కంప్యూటర్ పెట్టె గూడా అమ్మేస్తాం. మీ అన్నకు ఫోను చేయించినా, సంవత్సరీకానికి వస్తాండాడు. ఆయప్పతోనే పో."

హేమావతి అత్త ఎదురుగా వచ్చి నిలబడింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఇంకో పాటే మిగిలిందని, అది కూడా ఒక్క వరుసేనని, ఉద్యోగం వస్తే ఇంటికి తానే ఆధారమని, తాను పోతే ఈ ఇద్దరికీ ఎవరున్నారని. అన్నీ చెప్పింది. ఇంతకు ముందు కూడా చెప్పినవే. సుబ్బక్క తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"నన్ను పొమ్మంటే పోతాలే అత్తా. ఆ పుస్తకం ఏం చేసింది. అది ఆయన చేసిన పని."

"అదే ఆ పని. నువ్వు పొద్దున దాన్ని కదిలిస్తావు, వాడు మధ్యాన్నం వస్తాడు. నీకూ వినబడతాండాది. లేదని చెప్పు చూస్తాం."



"వినబడతాండాది," అంది హేమావతి. "గోవి కొన తడిగా గూడా ఉండాది. నేను చూసినా. ఆయనే అయితే మనకు భయమెందుకత్తా. ఆయనేం చేస్తాడు మనల్ని."

సుబ్బక్క స్తంభం పట్టుకొని కిందికి జారి కూర్చుంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, గొంతు తగ్గించింది.

"ఆ కడపటి వరుస వానికి తెలీదు మే," అంది.

హేమావతికి అర్థం కాలేదు.

సుబ్బక్క చెప్పుకుంటూ పోయింది. చిన్నప్పుడు మగ్గం దూలానికి చీరతో జోలె కట్టి వాణ్ణి పడుకోబెట్టేది. కండెలు చుడుతూ పాడేది. మూడు వరుసలు అయ్యేసరికి వాడు నిద్రపోయేవాడు. నాలుగో వరుస వాడు ఏనాడూ వినలేదు. పెద్దయ్యాక పాడే అవసరం రాలేదు. ఆ పుస్తకం మొదలుపెట్టినాక మాత్రం అడగడం మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు ఆలూరికి పోతా పోతా గూడా అడిగినాడు. మా, ఆ కడ వరుస ఏందిమా అని. నేను సంగటి గెలుకుతాండా. చేతిలో తెడ్డు ఉండాది. వచ్చినంక పాడతాలే పోరా అంటి." ఆమె ఆగింది. "వచ్చినాడు. ఏం పాడేది. ఇప్పుడు రోజూ మధ్యాన్నం ఆ కడ వరుస వాడే వాయిస్తాండాడు. ముందరదంతా ఏందేందో పిచ్చిగా వస్తాది, కడన అది మాత్రం సక్కగా వస్తాది. యాడ నేర్చుకున్యాడు. ఎవరు నేర్పినారు వానికి ఆడ."

వాకిట్లో గిడ్డమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. ఈ మాట సుబ్బక్క ఆమెకు కూడా చెప్పలేదు.

ఇంతకాలం హేమావతి, అత్తకు ఆ గోవి అంటే భయమనుకుంది. అది భయం కాదు. రోజూ మధ్యాహ్నం కొడుకు వచ్చి, నువ్వు పాడకపోయినా నేర్చుకున్నాను చూడమ్మా అంటున్నట్టు ఆమె వింటోంది.

సుబ్బక్క లేచింది. దేవుని గూటి దగ్గరికి పోయి మేకు మీది సంచిని లాగింది. లాగిన చెయ్యి గాల్లోనే ఆగింది. సంచి చేతిలో గుడ్డపేలికలాగా వేలాడింది. అందులో ఏమీ లేదు.

అదే క్షణంలో మగ్గం గదిలో రికార్డర్ మొదలైంది.

అందరికంటే ముందు వీధిలోకి దిగింది గిడ్డమ్మ. సుబ్బక్క ఖాళీ సంచిని రెండు చేతుల్లో పట్టుకొని కదలకుండా నిలబడింది. తలుపుకు తాళం అట్లాగే ఉంది. తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంది. లోపలి నుంచి ఆ కీచు స్వరం, ఆ బొంగురు స్వరం, ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

హేమావతికి ఎందుకో ఇక దాక్కోవాలనిపించలేదు. ఆయనే అయితే చూడాలనిపించింది. పెరట్లోకి పోయింది. ఎండ నెత్తి మీద కొడుతోంది. కాళ్ళ కింద మన్ను కాలుతోంది. ఇంటి పక్కగా తిరిగి వెనక్కి పోయింది. మగ్గం గదికి వెనక ఒక చిన్న తలుపు ఉంది. నూలు బేళ్ళు తెచ్చినప్పుడు తప్ప ఎవరూ తీయరు. దాని బయటి గడియ తీసి ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె వేలితో తోసింది.

లోపల చీకటి. పైకప్పు సందులోంచి ఒక్క ఎండ గీత దిగి మగ్గం మీద పడుతోంది. మగ్గానికి బూజు పట్టింది. పైన చిల్లులు కొట్టిన అట్టల దండ వేలాడుతోంది. ఎండ ఆ చిల్లుల్లోంచి పోయి గోడ మీద చుక్కలు చుక్కలుగా పడింది. గాలి లేకపోయినా చుక్కలు కొంచెం కదులుతున్నాయి. మగ్గం గుంతలో ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. నడుము దాకా చీకట్లో ఉన్నాడు. వీపు కనబడుతోంది. మెడ కొంచెం ఎడమకు వంచి ఊదుతున్నాడు.

ఆ మెడ వంపు హరినాథ్‌ది.

హేమావతి గడప పట్టుకుంది. అప్పుడు ఆ మనిషి ఊపిరి తీసుకోవడానికి తల ఎత్తాడు. ఎండ గీతలో తెల్లజుట్టు కనబడింది.

చౌడప్ప.

ఆయన ఆమెను చూడలేదు. మగ్గం కొయ్యకు తుమ్మముల్లుతో ఒక కాగితం గుచ్చి పెట్టుకున్నాడు. దాన్ని చూస్తూ ఒక్కో వేలూ కదిలిస్తున్నాడు. నేసేవాళ్ళకు ఉండే ఓపికతో కదిలిస్తున్నాడు. మూడో వరుస అయ్యాక ఆయన కాగితం చూడటం మానేశాడు. కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ఆ మెత్తని ముక్క వచ్చింది.

అది అయిపోయాక హేమావతి పిలిచింది. "మామా."

ఆయన ఉలిక్కిపడలేదు. నిదానంగా గోవిని దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. దొరికిపోయిన పిల్లవాడి ముఖం కాదు. పని మధ్యలో ఎవరో పిలిస్తే చూసే ముఖం. ఆమె వెనక సుబ్బక్క వచ్చి నిలబడింది. ఆమె చేతిలో ఇంకా ఆ సంచి ఉంది. మొగుణ్ణి చూసింది. గుడికి పోతానని రోజూ పోయిన మనిషిని చూసింది. ఆయన మూతికి అంటిన తడిని చూసింది.

"అది వాని ఎంగిలి," అంది. "సచ్చిపొయినోని ఎంగిలి."

చౌడప్ప గోవిని కండువాతో తుడవలేదు. దాన్ని చూస్తూ అన్నాడు.

"నా కొడుకు ఎంగిలి నాకేం ఎంగిలే."

సుబ్బక్క గడప మీద కూర్చుంది.

హేమావతి గుంత దగ్గరికి పోయి ఆ కాగితం చూసింది. తాను బుట్టలో పడేసినదే. సున్నలు ఒకచోట కొంచెం పక్కకు జరిగాయని పడేసింది. తప్పు ఏమీ లేదు. అట్లాంటప్పుడు ఆ స్వరాలు అట్లా ఎందుకు వచ్చాయి. ఆమె ఆయన్ను మొదటి స్వరం మళ్ళీ పట్టమంది. కాగితం మీద మొదటి నిలువు వరుసలో పై సున్నలు నల్లగా, కింది సున్నలు తెల్లగా ఉన్నాయి. చౌడప్ప పై వేళ్ళు ఎత్తాడు. కింది వేళ్ళు మూశాడు. తర్వాతదీ అంతే. నల్లగా ఉన్నచోటల్లా వేలు ఎత్తుతున్నాడు, తెల్లగా ఉన్నచోటల్లా మూస్తున్నాడు.

"ఎందుకు మామా, నల్లగుండే కాడ ఎత్తుతాండావు."

ఆయనకు ఆ ప్రశ్నే విచిత్రంగా తోచింది. "నల్లగుంటే చిల్లు కదమ్మా," అన్నాడు. తల ఎత్తి పైన వేలాడే అట్టలు చూపించాడు.

హేమావతి తల ఎత్తి చూసింది. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నవే. చీర అంచు మీద పూవు రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద నలుపు పెడతారు. నలుపు పెట్టిన గడి దగ్గర అట్టకు చిల్లు కొడతారు. తెల్లగా వదిలిన గడి దగ్గర అట్ట మూసుకొనే ఉంటుంది. బతుకంతా ఆయన నలుపు అంటే తెరిచిన చిల్లు అనే చదివాడు. బడిలో మూడో తరగతి దాకా చదివింది ఆయనకు గుర్తులేదు గానీ, ఈ చదువు వేళ్ళలో ఉంది. కొడుకు పాటను కూడా అట్లాగే చదివాడు. పాట మొత్తం తిరగబడింది.

"అది వేరే మామా. దీంట్లో నలుపు ఉంటే మూయాల. తెలుపు ఉంటే తెరవాల."

చౌడప్ప కాగితం వైపు చాలాసేపు చూశాడు.

"నీకు తెలిసిన పాటే కదా," అంది హేమావతి. "మగ్గం మీద కూర్చోని నువ్వూ విన్నెదే. వేరేగా వస్తాంటే తెలీలేదా."

"తెలిసింది."

"మరి."

ఆయన ముల్లు తీసి, మళ్ళీ అదే చిల్లులో గుచ్చాడు. అప్పుడు నోరు విప్పి చెప్పాడు. ఆ ఇంట్లో ఆయన అంత మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"వాడు అట్ల రాసినాడనుకుంటి. సదువుకున్నోడు, వానికేదో తోచింటాదిలే అనుకుంటి. అట్ట ఎట్ల కొట్టింటే పూవు అట్ల లేపాల. నేసేవాడు మధ్యలో మార్చగూడదు. నాకు నచ్చలేదని నా కొడుకు కొట్టిన అట్ట నేను దిద్దేదేంది."

గడప మీద సుబ్బక్క సంచిని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

హేమావతి మళ్ళీ అడిగింది. "నాలుగో వరుసకు ఈడ సున్నలే లేవు మామా. అది మాత్రం ఎట్ల సక్కగా వచ్చింది."

చౌడప్ప తన వేళ్ళు చూసుకున్నాడు. పోగులు కోసి కోసి కొనలు గట్టిపడిన వేళ్ళు.

"ఆడ వాడు ఏం చెప్పలేదు," అన్నాడు. "వేళ్ళు వాటంతట అవే పొయినాయి."

హేమావతి కూడా ఆ వేళ్ళ వైపు చూసింది. పాట తెలిసిన మనిషి వెతుక్కుంటే దొరుకుతుంది, అంతే అనుకుంది. కానీ ఆయన వెతుక్కున్నట్టు ఆమె ఏ మధ్యాహ్నమూ వినలేదు. మొదటిసారి విన్నప్పుడే అది తిన్నగా వచ్చింది. ఆమె అత్త వైపు చూసింది. అత్త కూడా ఆమె వైపే చూస్తోంది.

"ఒగసారి వాయించు మామా," అంది హేమావతి. "నలుపు మూసి."

చౌడప్ప గోవిని నోట్లో పెట్టుకున్నాడు. మొదటి వేలు పెట్టడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు వినలేదు. పైవి లేస్తామన్నాయి, కిందవి మూసుకుంటామన్నాయి. ఆయన ఒక్కో వేలునూ చూసి చూసి పెట్టాడు. మొదటి స్వరం వచ్చింది. కీచు కాదు, బొంగురు కాదు. ఆ గదిలో ఏడాదిగా ఎవరూ వినని శబ్దం అది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. మధ్యలో తప్పి, మళ్ళీ మొదటికి పోయి, నిదానంగా, కుంటుతూ వరుస నడిచింది.

సుబ్బక్క సంచి దించింది. పెదవులు కదిలాయి. ఆమె గోవికంటే ముందు పోకుండా, ఆయన వేలు పెట్టేదాకా ఆగి, ఒక్కో మాటా పాడింది.

"కండె కండె తిరగవే, కొండకు చీర కట్టవే.
కొండకు చీర చాలదంటే, కొంగు చింపి ఇస్తనే.
కొంగు తడిసి పోయెనంటే, కొసన నన్ను తలువవే."

మూడు వరుసలు అయ్యాయి. చౌడప్ప కళ్ళు మూసుకున్నాడు. గోవి ఆగకుండా నాలుగోదానిలోకి పోయింది. సుబ్బక్క నోరు తెరిచింది గానీ పాడలేకపోయింది. గోవి ఒక్కటే ఆ వరుస చివరిదాకా పోయి, ఆగి, ఆమె కోసం మళ్ళీ మొదలుపెట్టింది. అప్పుడు పాడింది.

"కొడుకు నిద్దర పోయినాడని, కొండకు చెప్పి రావే."

పాడి, గడపకు తల ఆనించి ఏడ్చింది. ఏడాది కింద కూడా అట్లా ఏడవలేదు. చౌడప్ప గుంతలోంచి లేచి రాలేదు. గోవిని రెండు చేతుల్లో పట్టుకొని అక్కడే కూర్చున్నాడు. ఆయన భుజాలు మాత్రం కదిలాయి.

హేమావతి కళ్ళు తుడుచుకొని ఆ కాగితం తీసుకుంది. ఖాళీగా ఉన్న నాలుగో వరుస కింద పెన్సిల్‌తో సున్నలు గీసింది. మామను ఒక్కో స్వరం దగ్గరా ఆగమంది. ఆయన ఏ వేలు మూశాడో చూసి ఆ సున్నను నల్లగా నింపింది. ఏ వేలు ఎత్తాడో చూసి తెల్లగా వదిలింది. వీధి వాకిట్లోంచి గిడ్డమ్మ కేకేసింది. బతికే ఉండారా అని అడిగింది. సుబ్బక్క ముక్కు చీదుకొని పోయి ఆమెను లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. అంతా విని గిడ్డమ్మ మజ్జిగ తాగి, సరేలే, ఈ ఎండలో తుంగభద్ర దాకా పోయే పని తప్పింది అంది.

మర్నాడు పొద్దున కరెంటు ఉండగానే హేమావతి కూర్చుంది. గోడ మీది అట్ట తీసి పక్కన పెట్టుకుంది. ఎప్పుడూ స్వరం చూసి సున్నలు వెతికేది. ఈసారి సున్నలు చూసి స్వరం వెతికింది. ఒక్కో నిలువు వరుసా పోల్చుకొని, ఆ స్వరాన్ని ఐదు గీతల మీద పెట్టి, కింద అక్షరం కొట్టి, ఫాంటు మార్చింది. మామ వేళ్ళు ఒక్కొక్కటీ తెర మీద నల్లగా వచ్చి నిలబడ్డాయి. సుబ్బక్క వాకిలి చిమ్మడం ఆపి, కిటికీలోంచి చూస్తూ, అయిపోయిందా అని అడిగింది. హేమావతి అయిందంది. సుబ్బక్క ప్రొద్దుటూరుకు మళ్ళీ ఫోను చేయించింది. అన్నను సంవత్సరీకానికి భోజనానికి మాత్రం రమ్మని చెప్పించింది.

సంవత్సరీకం నాడు హరినాథ్ ఫోటో ముందు విస్తరి వేశారు. పక్కన ఆ పుస్తకం పెట్టారు. దాని మీద రికార్డర్ పెట్టారు. అందరూ తిని వెళ్ళిపోయారు. వీధిలో మగ్గాలు ఆగాయి. కాకి కూడా అరవలేదు. చౌడప్ప ఎక్కడికీ పోకుండా నడవలో వాళ్ళతోనే కూర్చున్నాడు. మగ్గం గది తలుపు తాళం తీసి ఉంది.

ముగ్గురూ ఆ గది వైపు చెవి పెట్టి చాలాసేపు కూర్చున్నారు. దేని కోసమో ఎవరూ పైకి చెప్పలేదు. లోపలి నుంచి ఏమీ వినబడలేదు.

సుబ్బక్క లేచి వాకిట్లోకి పోయింది. ఆ ఎండలో, ఊరికి పడమట ఉన్న బోడికొండ వైపు తిరిగి నిలబడింది.

"నిద్రపోయినాడు," అని చెప్పింది.